మీటరు చెప్పని లెక్క

2021లో కేంద్రం ఆమోదించిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద అరకు లోయలోని మా ఇంటికీ స్మార్ట్ మీటరు వచ్చింది. వాడకాన్ని ఎప్పటికప్పుడు నమోదు చేసి, సెల్ సిగ్నల్ ద్వారా దూరాన ఉన్న సర్వరుకు పంపడం దాని పని. ఈ తూర్పు కనుమలలో కొండ అడ్డువస్తే ఫోనే మూగబోతుంది, ఇక మీటరెంత! సిగ్నల్ లేకున్నా లెక్క చెరిగిపోదు. మీటరులోనే నిల్వ ఉంటుంది. బిల్లు మాత్రం మూడు నెలలు నామమాత్రంగానే వచ్చింది. అదీ వుజూ నీళ్ళకు హీటరు తప్పని చలికాలంలో.

"మనం అడిగామా ఏమిటండీ?" అన్నది నా భార్య. మిగిలిన సొమ్మును అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచింది. నేను మౌనం వహించాను. లోలోపల సంతోషించాను కూడా.

ఆ వారమే మదరసాలో ముతఫ్ఫిఫీన్ సూరా పాఠం వచ్చింది. కొలతలలో తగ్గించే వారిని గురించి వివరిస్తుండగా ఒక పిల్లవాడు అడిగాడు: "ఉస్తాద్, త్రాసే తక్కువ చూపిస్తే?"

నాకు గొంతు పెగలలేదు.

మరునాడు మీటరు తెరపై ఉన్న అంకెను కాగితం మీద రాసుకొని విద్యుత్ కార్యాలయానికి వెళ్ళాను. "తక్కువ వచ్చిందని ఫిర్యాదా?" అని గుమస్తా రెండుసార్లు అడిగాడు. బకాయి రెండు వాయిదాలలో చెల్లించాము. అమ్మాయి ఫీజుకు ఇంకా గడువు అడుగుతున్నాను.