కంప్యూటర్ల సంతలో ఒక పూట

జంటనగరాలలో ఏ వస్తువుకు ఆ వీధి వున్నది. ముత్యాలకు పత్తర్‌గట్టీ, గాజులకు లాడ్‌బజారు, గిన్నెలకు బేగంబజారు, పాత పుస్తకాలకు కోఠీ. అట్లాగే కంప్యూటరు కావలసినవారికి సికింద్రాబాదులో పార్క్‌లేను. ఆ వీధిలో చెనాయ్ ట్రేడ్ సెంటరని ఒక మేడ వున్నది. కుర్రకారు పొడి అక్షరాలలో సి.టి.సి. అంటారు. కంప్యూటరును తయారుగా కొనక, భాగాలు విడివిడిగా ఏరుకుని కూర్చుకోదలచిన వారికి అది తీర్థస్థలం వంటిది. 2024 జూలైలో నేనూ, మా అమ్మాయీ ఆ తీర్థానికి వెళ్ళివచ్చాం.

మా అమ్మాయి భక్తితో వెళ్ళింది. నేను మాత్రం అనుమానంతో వెళ్ళాను.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. 2019లో మా వూళ్ళో ఒక దుకాణంలో 26 వేలు పోసి అమ్మాయికి ఒక కంప్యూటరు కూర్పించాను. ఎనిమిది నెలలు తిరగకుండానే ఒక రాత్రి ఠప్పుమని శబ్దమై, కాలిన వాసన వేసి ఆగిపోయింది. మర్నాడు బడిలో ఇవ్వవలసిన పని అంతా అందులోనే వున్నది. పిల్ల ఏడ్చిన ఏడుపు నాకింకా జ్ఞాపకమే. దుకాణానికి వెళితే, "బిల్లేదండీ?" అన్నాడు. నా దగ్గరున్నది ముద్రలేని చీటీ. కరెంటు ఇచ్చే పెట్టె కాలిపోయి, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయిందని తర్వాత తెలిసింది. ఆనాటి నుంచి ‘కూర్చిన కంప్యూటరు’ అంటేనే నాకు ఒళ్ళు మంట.

ఇప్పుడా పిల్ల ఇంజనీరింగు రెండో ఏడుకు వచ్చింది. రెండేళ్ళుగా మా వీధి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పి 60 వేలు కూడబెట్టింది. మరొక 25 వేలు నేనిస్తే మంచి కంప్యూటరు కూర్చుకుంటానన్నది.

"ఎందుకే?" అన్నాను.

"ఆటలు ఆడుకోవడానికి నాన్నా. చదువుకూ పనికొస్తుంది. కాని ముందు ఆటలకే."

చదువుకోసమే అని బొంకితే కోప్పడేవాణ్ణి. నిజం చెప్పేసరికి ఏమనడానికీ తోచలేదు. చివరకు ఒక షరతు పెట్టాను. నేను కూడా వస్తాను. నాకు నమ్మకం కుదరకపోతే అదే డబ్బుతో ఏదైనా పేరున్న కంపెనీ లాప్‌టాపు కొనుక్కుని తిరిగి రావాలి. సరేనన్నది. వాళ్ళమ్మ మాత్రం, "ఇద్దరూ పోట్లాడకుండా తిరిగొస్తే అదే పదివేలు" అని టిఫిను డబ్బా చేతిలో పెట్టింది.

కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రైల్లో 132 కిలోమీటర్లు. తెల్లవారుజామున బండెక్కాం. జనగామ, ఆలేరు దాటి, భువనగిరి కొండ కిటికీలో కనిపించేసరికి అమ్మాయి ఒక కాగితం తీసింది. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాను. ఆ సంగతి తెలిసి నా భాషలోనే చెప్పుకొచ్చింది.

"ముందు తెర సంగతి తేల్చుకోవాలి నాన్నా. మామయ్య నా పుట్టినరోజుకు కొనిపెట్టిన మానిటరు అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. మొత్తం 20 లక్షల 73 వేల 600 చుక్కలు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చాలు. ఆటలో 60 అయినా రాకపోతే బొమ్మ కుంటుతుంది. ఇన్ని చుక్కలకూ సెకనుకు అన్నిసార్లు రంగులు వేసే పని గ్రాఫిక్సు కార్డుది. ఇంకా పెద్దతరహా తెర, 2560కి 1440ది, కొంటే చుక్కలు 36 లక్షల 86 వేలు దాటుతాయి. అప్పుడు కార్డు కూడా ఖరీదైనది కావాలి."

"అంటే ప్రయాణికులెంతమందో తెలిశాకే ఎన్ని పెట్టెలు తగిలించాలో తేల్చాలన్నమాట."

"అంతే!" అన్నది సంతోషంగా.

ఆ తర్వాత ప్రాసెసరు. ఆటలో ఎవరెక్కడున్నారు, ఎటు కదిలారు అని లెక్క కట్టి కార్డుకు అందించేది అదే. అది నెమ్మదైతే ఎంత ఖరీదైన కార్డయినా చేతులు కట్టుకు కూర్చోవలసిందే. ముందు పాసింజరు బండి నడుస్తూంటే వెనక ఎక్స్‌ప్రెస్సు ఏం చేయగలదు? అమ్మాయి రాసుకున్నది ఆరు కోర్ల రైజెన్ 5 7600. కార్డు ఎన్విడియా వారి ఆర్.టి.ఎక్స్. 4060. ఒకటి మరొకదాన్ని ఆపకుండా సరితూగే జోడీ అన్నది.

మదర్‌బోర్డు విషయం నాకు తేలికగానే అర్థమైంది. అది గేజీ లెక్క. ప్రాసెసరు కూర్చునే గూడు ఎ.ఎం.5 అయితే బోర్డు కూడా అదే కావాలి. ర్యామ్ డి.డి.ఆర్.5 అయితే పాత డి.డి.ఆర్.4 బోర్డులో దూరనే దూరదు. గాటు వేరేచోట వుంటుంది. మీటర్‌గేజి బండిని బ్రాడ్‌గేజి పట్టాలెక్కించగలమా? ఎ.ఎం.5 గూటికి 2027 దాకా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఎ.ఎం.డి. వారు 2024లోనే ప్రకటించారు. కనుక రేపు ప్రాసెసరు ఒక్కటే మార్చుకున్నా బోర్డు పనికొస్తుంది. ర్యామ్ 32 జి.బి. ఒక్క ముక్కగా కాక 16 చొప్పున రెండు ముక్కలు తీసుకోవాలట. అప్పుడు రాకపోకలకు డబుల్ లైను దొరుకుతుంది.

ఇంతలో సికింద్రాబాదు వచ్చింది. స్టేషనులో మా బావమరిది ఎదురొచ్చాడు. ఆటోలో క్లాక్‌టవరు పక్కగా వెళ్ళాం. 1897 నుంచి ఆ గడియారం అక్కడ నిలబడి వున్నది. బోనాల రోజులు కాబట్టి వీధుల్లో వేపమండల తోరణాలూ, మైకుల్లో పాటలూ. ప్యారడైజ్ వైపు నుంచి ఆ పొద్దున్నే మసాలా వాసన వస్తున్నది. 1953లో ఒక సినిమాహాలులో చిన్న కెఫేగా మొదలైన హోటలు అది. ఇవాళ ఆ కూడలికే దాని పేరు.

చెనాయ్ అనేది సికింద్రాబాదులో పేరుమోసిన పార్సీ కుటుంబం పేరు. ఆ పేరుగల మేడలోకి అడుగుపెట్టగానే నాకు ఆదివారం సంత గుర్తొచ్చింది. వసారాలకు రెండువైపులా అరలవంటి దుకాణాలు. నేల నుంచి కప్పుదాకా అట్టపెట్టెలు. స్టూళ్ళమీద కూర్చుని స్క్రూడ్రైవర్లతో లాప్‌టాపుల పొట్టలు విప్పుతున్న కుర్రాళ్ళు. నెత్తిన అరడజను మానిటర్లు పెట్టుకుని "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ పరుగెత్తే కూలీలు. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపిస్తున్నాయి. జిల్లాల నుంచి తండ్రులను వెంటబెట్టుకు వచ్చిన పిల్లలు చాలామందే కనిపించారు. తండ్రులందరి మొహాలూ నా మొహంలాగే వున్నాయి.

అక్కడి పద్ధతేమిటంటే, దుకాణం దుకాణానికీ వెళ్ళి కాగితం చూపితే ధరలు వేసి కొటేషను ఇస్తారు. ధరలు బంగారం ధరలాగా పూటపూటకూ మారుతాయి. ఆ రోజు ర్యామ్ 9,200 పడింది. 2025 చివరి నెలల్లో అది రెండింతలు దాటిపోయింది. కృత్రిమమేధ యంత్రాలకు ర్యామ్ చాలక, ఫ్యాక్టరీలు అటు మళ్ళినందువల్ల మామూలు జనానికి వచ్చిన తిప్పలు అవి.

ఒక దుకాణంలో బిల్లు లేకుండా అయితే అయిదువేలు తగ్గిస్తామన్నారు. మా బావమరిది, "అయిదువేలండీ బావగారూ!" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే అమ్మాయి మెట్లు దిగిపోయింది. గ్యారంటీ అంతా బిల్లు మీదా, పెట్టె మీది సీరియల్ నంబరు మీదా నడుస్తుంది. ఆ బుద్ధి 2019లో నాకు లేకపోయింది.

నాలుగో దుకాణం మర్యాదగా వున్నది. యజమాని నాకు కుర్చీ వేసి, ఇరానీ చాయ్ తెప్పించి, "చూడండి అంకుల్" అని ఒక క్యాబినెట్టు చూపించాడు. నిజం చెప్పాలంటే కళ్ళు చెదిరాయి. మూడువైపులా అద్దాలు. లోపల నాలుగు ఫ్యాన్లు ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో తిరుగుతూ వున్నాయి. పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లలాగా వున్నది. ధర 7,500. కరెంటు ఇచ్చే పెట్టె, అంటే అక్కడివాళ్ళు ఎస్.ఎం.పి.ఎస్. అంటారు, 2,200. అన్నీ కలిపి 84,500.

"లెక్క సరిపోయింది. ఇదే తీసుకుందాం. ఇంట్లో పెడితే ఎంత బాగుంటుందో!" అన్నాడు మా బావమరిది. నేనూ తలూపాను.

అమ్మాయి ఆ అద్దాలపెట్టె వైపు ఒకసారి ఆశగా చూసింది. ఆ చూపు నేను చూశాను. తర్వాత ఆ రెండువేల ఎస్.ఎం.పి.ఎస్.ను తిప్పి, దాని మీది చీటీ నాకు చూపించింది.

"నాన్నా, పైన 650 వాట్లని పెద్దక్షరాల్లో వున్నది కదా? కింద చిన్నక్షరాలు చదువు. ప్రాసెసరూ, కార్డూ తాగేది 12 వోల్టుల లైను నుంచి. అక్కడ ఎన్ని ఆంపియర్లున్నాయి?"

కళ్ళజోడు సవరించుకుని చదివాను. 18 అని వున్నది.

"12 పద్దెనిములెంత?"

గుమాస్తాగిరీలో ఇరవై తొమ్మిదేళ్ళు కూడికలూ గుణకారాలూ చేసినవాణ్ణి. "216" అన్నాను.

"ఇప్పుడు ఇది చూడు" అని ఇంకొక పెట్టె అందించింది. 6,200ది. దాని మీద 12 వోల్టులకు 54 ఆంపియర్లు. గుణిస్తే 648. అంటే ఇక్కడ 650 అంటే నిజంగానే 650. అక్కడ 650 అన్నది ఒట్టి బోర్డు.

గ్రాఫిక్సు కార్డు ఒక్కటే 115 వాట్లు తాగుతుంది. ప్రాసెసరుకు 65 అని రాసినా, ఒత్తిడిలో మరి కాస్త ఎక్కువే తీసుకుంటుంది. ఫ్యాన్లూ, బోర్డూ, తక్కినవీ కలిపితే మూడువందలకు దగ్గరవుతుంది. ఆ 216 మీద ఇంత బరువు వేస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే వున్నది.

మంచి పెట్టె మీద 80 ప్లస్ అని ఒక గుర్తు కూడా వున్నది. గోడనుంచి తీసుకున్న కరెంటులో నూటికి 80 పాళ్ళకు తగ్గకుండా లోపలికి అందిస్తుందని దాని అర్థమట. తక్కినది వేడిగా పోతుంది. "అయితే ఆ గుర్తు ఆదాకే నాన్నా, భద్రతకు కాదు. ఎక్కువ లాగినా, షార్టయినా తనంతట తాను ఆగిపోయే ఏర్పాట్లున్నాయా లేదా అన్నది విడిగా చూసుకోవాలి" అన్నది.

అద్దాల క్యాబినెట్టు తీసేసి, ముందువైపు జాలీ వుండి గాలి బాగా ఆడే నల్లరేకు పెట్టె 3,500కు తీసుకున్నది. 7,500, 2,200 కలిపితే 9,700. 3,500, 6,200 కలిపినా అదే 9,700. మొత్తం మళ్ళీ 84,500. పైసా పెరగలేదు, తరగలేదు. డబ్బు కనిపించేచోటు నుంచి కనిపించనిచోటుకు మారింది, అంతే.

ఇల్లు కట్టేటప్పుడు మా నాన్నగారు చేసింది కూడా ఇదే. ముందు అరుగుకు నాపరాళ్ళు వేయించక, పునాదిలో పోశారు. వీధిలోవాళ్ళు నవ్వారు. ఆ ఇల్లు ఇప్పటికీ బీటవారలేదు. అమ్మాయి తాతగారిని చూడలేదు. ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో! లాప్‌టాపు మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

దుకాణదారు నొచ్చుకోలేదు. పైగా, "అంకుల్, మీ పాప మా కుర్రాళ్ళకంటే నయం" అన్నాడు. ప్రతి భాగానికీ సీరియల్ నంబరు వేసి, 18 శాతం జి.ఎస్.టి. కలిపిన పక్కా బిల్లు ఇచ్చాడు. ఎస్.ఎం.పి.ఎస్.కు 5 సంవత్సరాల గ్యారంటీ. కూర్చి ఇస్తామన్నా అమ్మాయి ఒప్పుకోలేదు. మిగిలిన 500 ఆటోలకూ, చాయ్‌లకూ సరిపోయింది. బిర్యానీ మాత్రం మా బావమరిది పెట్టించాడు.

మర్నాడు హాల్లో దుప్పటి పరిచి అమ్మాయి కూర్పు మొదలుపెట్టింది. మూడు గంటలు పట్టింది. ప్రాసెసరును గూట్లో దించేటప్పుడు మేమెవ్వరం ఊపిరి పీల్చలేదు. చివర్న మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. ఉహుఁ. పిల్ల మొహం తెల్లబోయింది. ర్యామ్ తీసి మళ్ళీ పెట్టింది. తీగలన్నీ వెదికింది. నా గుండెలో 2019 మళ్ళీ ఠప్పుమన్నది.

వాళ్ళమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వెనకాల ఒక స్విచ్చున్నదేం? అది వేశారా?" అన్నది.

ఎస్.ఎం.పి.ఎస్. వెనక స్విచ్చు వేయనేలేదు!

అది వేసి నొక్కగానే ఫ్యాను కదిలింది, తెర వెలిగింది. వాళ్ళమ్మ పెద్దగా ఆశ్చర్యపోక పప్పు మాడుతున్నదని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అటకమీది పాత పెట్టె దింపి చీటీ చదివాను. 450 వాట్లు, 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. 168. అయిదేళ్ళు నెత్తిమీద పెట్టుకుని కూడా ఆ లెక్క ఒక్కసారి చేయలేకపోయాను.

ఇంతలో అమ్మాయి పిలిచింది. మొదట పెట్టిన ఆట తనది కాదు, నాకోసం. రైలు నడిపే ఆట. ఇరవై తొమ్మిదేళ్ళు రైల్వేలో వుండీ ఇంజను ఎక్కి ఎరగను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పట్టాలమీద వాన పడుతున్నది. చుక్క చుక్కా కనిపిస్తున్నది.

"నాన్నా, ఎర్ర సిగ్నలు దాటేశావు" అన్నది అమ్మాయి.