తిరుమలగిరి మీదుగా లాల్‌గడి మలక్‌పేట్‌కి...

జూబ్లీ బస్టాండులో కరీంనగర్ రోడ్డు బస్సెక్కితే కాసేపటికి వచ్చేది తిరుమలగిరి. "మిలిటరీ వాళ్లు తప్ప అక్కడేముందండీ!" అంటారేమో. దర్శకుడు శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబర్ 14న పుట్టింది ఆ ఊళ్లోనే! తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయనిచ్చిన కెమెరాతో పన్నెండేళ్లకే ఓ సినిమా తీసేశాడు మనవాడు. కంటోన్మెంటు గారిసన్ థియేటర్లో హాలీవుడ్ సినిమాలు తెగ చూశాడు. అన్నట్టు, గురుదత్ ఆయనకి వరసకు అన్న.

నిజాం కాలేజీ చదువు, బొంబాయిలో యాడ్ ఫిల్ములు... చివరికి 1974లో 'అంకుర్'! కథ మన తెలంగాణ పల్లెది. షబానా ఆజ్మీ తొలి చిత్రం. ఆమెకీ, సాధు మెహర్‌కీ జాతీయ అవార్డులు. ఆ తర్వాత వాణిశ్రీతో తెలుగులో 'అనుగ్రహం' (1978), పోచంపల్లి నేతగాళ్ల మీద 'సుస్మన్' (1987). 2005కి ఫాల్కే అవార్డు. 2024 డిసెంబర్ 23న కన్నుమూశారు.

బస్సు అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటింది. శామీర్‌పేట చెరువు గాలి మొహానికి కొట్టింది. అక్కడ దిగి ఆటోలో లాల్‌గడి మలక్‌పేట్. పక్కనే జినోమ్ వ్యాలీ. కంపెనీ బస్సులూ, బర్రెలూ ఒకే రోడ్డు మీద!

ఆ ఊళ్లో మా మేనత్త ఉంది. రాత్రి అన్నాలయ్యాక ఫోన్‌లో 'అంకుర్' పెట్టాను. దొరకొడుకు లక్ష్మిని చేరదీసి, కడుపు చేసి, చివరికి ఆమె మొగుణ్ణే కొరడాతో కొడతాడు. ఓ పిల్లాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు. అది చూసినప్పుడల్లా నేను చప్పట్లు కొడతాను. ఆ రాత్రీ కొట్టాను.

అత్త కొట్టలేదు.

"రాయి ఇసిరిండు, మంచిగనే ఉంది. తెల్లారి ఆమెకు కూలెవడిస్తడు బిడ్డా?" అంది. కాసేపాగి, మెల్లగా, "మా నాయిన ఇంట్ల గూడ గసొంటి ఆమె ఒకతి ఉండె. ఎటు పోయిందో ఎవ్వరడగలె" అంది.

మా తాత! నన్ను భుజాలకెత్తుకుని జాతరకి తీసుకెళ్లిన తాత! ఇన్నేళ్లూ రాయి పట్టుకున్న పిల్లాణ్ణి నేనే అనుకున్నాను. తీరా చూస్తే కిటికీ మాది.

"ఆమె పేరేంటత్తా?" అడిగాను. చెప్పింది. పొద్దున తిరుగు బస్సులో తిరుమలగిరి వచ్చేదాకా ఆ పేరే మననం చేసుకున్నాను.

మిత్రులారా, 'అంకుర్' చూడండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూచుని చూడండి. అయిపోయాక వెంటనే లేవకండి!