నిప్పుల విల్లు

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. చెరువు తూము మూస్తే ధార సన్నబడి, క్రమంగా ఆగిపోతుంది. నేడు ఆ ప్రాంతపు పొలాలకు బోరుబావులూ ఆధారమయ్యాయి. వాటి మోటార్లను నడిపే విద్యుత్తు మాత్రం నీటివలె సౌమ్యంగా ఆగదు. మోటార్లు నడుస్తుండగానే ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఏబీ స్విచ్ లాగితే, విడిపోతున్న లోహపు కొనల నడుమ కళ్లు మిరుమిట్లు గొలిపే జ్వాల లేస్తుంది.

శాస్త్రం దీనిని విద్యుత్ చాపమంటుంది. చాపమంటే విల్లు. వేడెక్కిన వాయువు పైకి లేవడం వల్ల ఆ జ్వాల విల్లులా వంగుతుంది. సాధారణంగా గాలి విద్యుత్తును పోనివ్వదు. కాని తీవ్రమైన వేడికి అయాన్లు ఏర్పడగానే ఆ గాలే వాహకమవుతుంది. సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. శక్తిమంతమైన చాపం దానిని సైతం మించగలదు.

ఇంతటి అగ్నికీ ఒక బలహీన క్షణం ఉంది. మన దేశంలో ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. దిశ మారిన ప్రతిసారీ ప్రవాహం సున్న అవుతుంది. అంటే సెకనుకు 100 సార్లు చాపం ఊపిరి ఆగుతుంది. ఆ లిప్తలో కొనల మధ్య వాయువు చల్లబడితే చాపం ఆరిపోతుంది; వోల్టేజి ముందుగా పుంజుకుంటే మళ్లీ రగులుతుంది. మోటార్లలో ప్రవాహం వోల్టేజి కంటే వెనుకబడి ఉంటుంది. అందువల్ల ప్రవాహం ఆగిన క్షణాన కూడా వోల్టేజి బలంగానే ఉండి, చాపాన్ని తిరిగి రగిలించడానికి సిద్ధంగా ఉంటుంది.

సబ్‌స్టేషన్‌లోని సర్క్యూట్ బ్రేకర్ ప్రవాహాన్ని మధ్యలో బలవంతంగా తెంచదు. చాపాన్ని పుట్టనిచ్చి, ప్రవాహం సున్న అయ్యే క్షణానికై వేచి, అది తిరిగి లేవకుండా అడ్డుకుంటుంది. అందుకు పూర్వం నూనెను విరివిగా వాడేవారు. నేడు ఎక్కువగా వాక్యూమ్‌ను, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువును వాడుతున్నారు.

పొలంలోని ఏబీ స్విచ్‌కు ఆ సామర్థ్యం లేదు. అందుకే మోటార్లన్నీ ఆపిన తరువాతనే దానిని తెరవాలి. ఆ పని శిక్షణ పొందిన సిబ్బందిది. అయినా పంట ఎండిపోతున్నదన్న ఆందోళనతో, తామే ఫ్యూజు వేయబోయి ప్రాణాలు కోల్పోయిన రైతులు తెలుగు పల్లెల్లో ఎందరో ఉన్నారు. అది అజ్ఞానమని తీర్పు చెప్పడం సులభం. ఎండుతున్న మడి గట్టున నిలిచి నిరీక్షించడం కష్టం. యంత్రానికి సెకనులో నూరవ వంతు నిరీక్షణ చాలు. రైతుకు లైన్‌మన్ వచ్చేదాకా ఆగే ఓర్పు కావాలి. ఆ ఓర్పు నిలవాలంటే లైన్‌మన్ వేళకు రావాలి.