పాత ఆర్‌డీలో బాన్షీ ఇంజన్
కెనడాలో చలికాలమంతా బైకులు గరాజుల్లోనే ఉంటాయి. ఇంజన్ మార్పిడికి ఇంతకంటే మంచి అదను దొరకదు! 1973 నాటి యమహా ఆర్‌డీ350 ఫ్రేములో బాన్షీ ఏటీవీ ఇంజన్ ఎక్కించడం నాకు భలే ఇష్టమైన పని. రెండూ టూస్ట్రోక్ ట్విన్లే, 347 సీసీలే. బోరు 64, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు. తేడా అంతా చల్లబరచడంలో ఉంది. ఆర్‌డీకి గాలే దిక్కు, బాన్షీకి నీళ్లున్నాయి. అందుకే పోర్టింగ్ చేసి, మంచి ఎక్స్‌పాన్షన్ చాంబర్లు తగిలించి ఇంకా పవర్ రాబట్టినా వేడిని బాగా తట్టుకుంటుంది. రేడియేటరుకు చోటు చూడాలి, మౌంట్లు చేయించాలి. ఈ ఆర్‌డీ350కి మన దేశంలో వచ్చిన రూపమైన రాజ్‌దూత్ 350కి ముందు చక్రానికీ డ్రమ్ బ్రేకే. దాంట్లో ఈ ఇంజన్ పెట్టాలనుకునేవాళ్లు, దయచేసి ముందు డిస్క్ బ్రేకు వేయించండి.