గొంతే కితాబు

షాయరీని కాగితం మీద చదివితే షేర్ మొత్తం ఒకేసారి కంటికి కనిపిస్తుంది. ముషాయిరాలో అలా కాదు. షాయర్ మొదటి మిస్రా చెప్పి ఆగుతాడు. "ఇర్షాద్" అంటారు వినేవాళ్లు. మళ్లీ అదే మిస్రా. రెండోది ఏమై ఉంటుందా అని మెహఫిల్ అంతా ఇంతెజార్‌లో పడుతుంది. ఖాఫియా వచ్చేసరికి సగం మంది పెదాల మీద అది ముందే ఉంటుంది. ఆ షేర్ ఇక షాయర్ ఒక్కడిది కాదు.

రాగం తీసి చదివితే తరన్నుమ్, రాగం లేకుండా చెబితే తహతుల్లఫ్జ్. మంచి గొంతు కమ్జోర్ షేర్‌ని కూడా గట్టెక్కిస్తుంది. తహత్‌లో ఆ సహారా లేదు, అల్ఫాజే నిలబడాలి. మన పద్యనాటకాల్లోనూ ఇదే తగాదా. రంగస్థలం మీద రాగాల మోత తగ్గాలన్నాడు బళ్లారి రాఘవ.

మా విడవలూరులో ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఉర్దూ లిపి రాదు. మన మండలంలోని అలగానిపాడులో పుట్టిన సుందరయ్య గారూ, హైదరాబాద్ షాయర్ మఖ్దూం మొహియుద్దీనూ ఒకే ఎర్రజెండా కింద నడిచారని చెబితే ఆసక్తిగా వింటారు. మఖ్దూం కితాబు చేతికిస్తే మాత్రం అటూ ఇటూ తిప్పి ఇచ్చేస్తారు. అదే నేను తహత్‌లో వినిపిస్తే, "ఫిర్‌సే బోలో చాచా" అంటారు. ముషాయిరాలో "ముకర్రర్" అంటే అదే కదా! ఆ లఫ్జ్ తెలియకుండానే అడుగుతున్నారు.

అందుకే దోస్తులారా, మీలో ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు ఇంట్లో రోజుకో షేర్ పైకి చదవండి. లిపి రాని పిల్లలకు మీ గొంతే కితాబు.