తప్పుడు అలారం

'తప్పుడు అలారం' అనే మాట నేనిప్పుడు వాడటం మానేశాను. మా ఇంట్లో దొంగల అలారం వరసగా మూడు రాత్రులు మోగింది. ఎందుకు మోగుతోందో తేల్చుకోవడానికి వారం పట్టింది. ఆ వారంలో ఆ మాటలో ఎంత అన్యాయం వుందో అర్థమైంది. ఏదో తగిలింది కాబట్టే యంత్రం మోగింది. తగిలింది దొంగ కాకపోవచ్చు. అంతమాత్రాన ఏమీ తగల్లేదని కాదు కదా.

కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక హైదరాబాదులో, మేం కట్టుకున్న పాత ఇంట్లోనే ఒక్కదాన్నీ వుంటున్నాను. వేరే దేశంలో వున్న మా అబ్బాయి పట్టుబట్టి ఈ అలారం పెట్టించాడు. ఒప్పందం అతని పేరు మీదే వుంది. అసలు కోడ్ అతని దగ్గరే వుంది. అలారం మోగితే ముందుగా ఫోన్ వెళ్లేదీ అతనికే. మొదటి రాత్రి రెండు దాటాక సైరన్ మోగింది. చీకట్లో హాల్లో నిలబడి గుండె దడతో వింటున్నది నేను. కంపెనీ వాళ్లు 'ఏమైంది సార్' అని అడిగింది మాత్రం సముద్రాలవతల వున్న అతన్ని!

మూడో రాత్రి తర్వాత పక్కింటావిడ ఓ సలహా ఇచ్చింది. "మీ పనిమనిషిని ఓ కంట కనిపెట్టండి ఆంటీ. లోపలి సంగతులు బయటికి చేరేది వాళ్ల ద్వారానే." పదకొండేళ్లుగా ఆమె దగ్గర మా ఇంటి తాళంచెవి వుందనీ, చెంచా కూడా పోలేదనీ చెప్పాను. అయినా ఆ మాట ఎలా చేరిందో ఆమె చెవిన పడింది. మర్నాటి నుంచి తల వంచుకుని గిన్నెలు తోమి వెళ్లిపోతోంది. రోజూ వినిపించే కబుర్లు లేవు.

మెకానిక్ కుర్రాడొచ్చాడు. గుమ్మంలోనే "సార్ లేరా మేడమ్?" అన్నాడు. లేరు, నాకే చెప్పమన్నాను. "మీరేదో బటన్ నొక్కివుంటారు మేడమ్" అన్నాడు. అర్ధరాత్రి రెండు గంటలకి నిద్రలోనా? తర్వాత బల్లి సంగతి చెప్పాడు. హాల్లోని సెన్సార్ మనిషి ఒంటి వేడి కదలికని పసిగడుతుంది. దాని అద్దం మీద బల్లి పాకితే, చిన్నదైనా మరీ దగ్గర కాబట్టి, అది మనిషిలాగే లెక్కకొస్తుందట. నిజమే కావచ్చు. కానీ ప్యానెల్లో ప్రతి సంఘటనా తేదీతో, టైముతో నమోదవుతుంది. అది తీసి చూపించమన్నాను. మూడు రాత్రులూ ఒకటే వుంది, జోన్ 3. అంటే వంటింటి వెనక తలుపు. అక్కడ వేడిని చూసే సెన్సారే లేదు. నాలుగేళ్ల నాటి 12 వోల్టుల బ్యాటరీ మార్చి, "జోన్ 3 బైపాస్ చేసేస్తా మేడమ్, ఇంక గోల వుండదు" అన్నాడు. బైపాస్ అంటే ఆ తలుపు ఏం చెప్పినా ఇకమీదట ప్యానెల్ వినదన్నమాట. గోల పోతుంది. గోలకి కారణం అలాగే వుంటుంది. వద్దన్నాను. "మరి సార్‌తో ఓసారి మాట్లాడతా" అన్నాడు.

ఇలాంటి యంత్రాల చరిత్రలో ఒక స్త్రీ పేరుందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పి వుండరు. మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో వుండే నల్లజాతి నర్సు. ఆమెదీ, భర్తదీ వేళాపాళా లేని డ్యూటీలు. పిలిస్తే పోలీసులు త్వరగా రాని పేట. ఒంటరిగా వున్న రాత్రి తలుపు కొట్టింది ఎవరో పడకగది నుంచే చూడటానికి, మాట్లాడటానికి, అవసరమైతే మీట నొక్కి సాయం పిలవడానికి ఆమె ఒక ఏర్పాటు ఊహించింది. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో దరఖాస్తు చేసింది. 1969లో పేటెంట్ వచ్చింది. ఆమె గీసిన ఏర్పాటులో మీట ఆమె చేతిలోనే వుంది. మా ఇంటికొచ్చేసరికి అది 'సార్' చేతికి ఎలా వెళ్లిందో ఆలోచించాల్సిందే.

ఆ కుర్రాడు వెళ్లాక మా పనామెనే అడిగాను, ఆ తలుపు సంగతేమిటని. చేతులు తుడుచుకుంటూ కాసేపు నిలబడింది. "వానలకు తలుపు ఉబ్బింది గద అమ్మా. నేను రోజు భుజంతోని నూకి పెడుతున్న. నన్నెవరడిగిన్రు?" అంది.

ఆ తలుపుకి బిగించింది చాలా చిన్న పరికరం. ద్వారబంధంలో ఓ గాజు గొట్టం, లోపల రెండు సన్నని లోహపు రేకులు. తలుపు రెక్కకి ఓ అయస్కాంతం. అది దగ్గరగా వున్నంతసేపు రేకులు అతుక్కుని వుంటాయి, తీగలో కరెంటు పారుతూ వుంటుంది. దూరం జరిగితే రేకులు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది. తీగ తెగినా అంతే, స్క్రూ వదులైనా అంతే. 'అంతా బాగానే వుంది' అన్న కబురు ఆగిన క్షణంలో సైరన్ మోగుతుంది. ఈ యంత్రానికి మౌనమే ప్రమాదం. మన ఇళ్లల్లో లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఆడవాళ్లు నోరెత్తకపోతే అది సుఖంగా సాగుతున్న సంసారం.

ఇద్దరం కలిసి చూశాం. అలారాన్ని ఆపి వుంచి, గడియ వేసి, ఆమె బయట నుంచి తలుపుని మెల్లగా నెట్టింది. నేను కీప్యాడ్ దగ్గర నిలబడ్డాను. మూడో దీపం వెలిగింది. వదిలేస్తే ఆరిపోయింది. ఉబ్బిన రెక్క ద్వారబంధంలో పూర్తిగా కూర్చోవడం లేదు. అయస్కాంతం అందీ అందని దూరంలో వుంది. గడియకి వున్న కాస్త వదులులో రాత్రి ఈదురుగాలి తలుపుని కదిపితే చాలు. వడ్రంగి వచ్చి రెక్క అంచుకి చిత్రిక పట్టి, అయస్కాంతం కింద చిన్న చెక్కముక్క పెట్టి ముందుకి జరిపాడు. ఆ తర్వాత జోన్ 3 నోరెత్తలేదు. ఆ సంగతి పక్కింటావిడకి పనామె ఎదుటే చెప్పాను.

తప్పుడు అలారం, బైపాస్ - ఈ మాటలు మనకి కొత్తవి కావు. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరంగా గుర్తిస్తూ 1983లో 498-ఏ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా వుంది. 2005లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని చెబుతూనే, దుర్వినియోగమైతే అది 'చట్టపరమైన ఉగ్రవాదం' అవుతుందన్నది. అప్పట్నించీ ఆ మాటే అందరి నోటా. కేసు రాజీ అయినా, సాక్షులు నిలబడకపోయినా జనం నోట్లో అది 'తప్పుడు కేసే'. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త హింసని అనుభవించారు. మేం తలుపులకీ కిటికీలకీ బిగించుకున్న సెన్సార్లన్నీ బయటివాడి కోసమే చూస్తున్నాయి. లోపలివాడికి కోడ్ తెలుసు.

ఒప్పందం నా పేరు మీదకి మార్పించాను. అలారం మోగితే మొదటి ఫోన్ నాకే. రెండో నంబరు ఎవరిదని అడిగారు. రెండు వీధుల అవతల బస్తీలో వుండే మా పనామే అందరికన్నా ముందు రాగలదు. నీ నంబరు ఇవ్వనా అని ఆమెని అడిగాను.

"రాత్రిపూట ఫోన్ మోగితే మా ఆయన ఊకుంటడా అమ్మా?" అంది. చేతిగాజులు పైకి తోసుకుంటూ, నవ్వుతున్నట్టుగానే, "మా ఇంట్ల ఇసొంటిది పెడితే ఎవరికి మోగుతది?" అనడిగింది.

మహిళా హెల్ప్‌లైన్ వుందనీ, 181కి చేస్తే ఎవరో ఒకరు వింటారనీ చెప్పాను. కాగితం మీద రాసిస్తానంటే వద్దంది. కాగితం దొరికితే అదో గొడవ. మూడంకెలే కదా, నోటికే వస్తాయంది. గిన్నెలు సర్దుతూ రెండుసార్లు పైకే అనుకుంది.