కవరు కొలత

చేతితో చేసిన శుభాకాంక్షల కార్డు అంగడిలో కొన్నదానికంటే అందంగా ఉండకపోవచ్చు. అయినా అందుకొన్నవారు దానిని ఏళ్ల తరబడి దాచుకొంటారు. చేసినవారి శ్రమ, అభిమానం అందులో కలిసి ఉంటాయి. అయితే ఆ అభిమానాన్ని చెక్కుచెదరకుండా అవతలివారి చేతికి చేర్చే భారం ఒక పలుచని కాగితపు కవరుపై పడుతుంది. కార్డు కోసం రాత్రుళ్లు మేలుకొన్నవారు సైతం కవరును చివరి ఘడియలో వెదుక్కోవడం పరిపాటి.

ఈ కవరుకు ఒక చరిత్ర ఉంది. 1840కి ముందు బ్రిటన్‌లో తపాలా రుసుమును దూరాన్నీ, కాగితాల సంఖ్యనూ బట్టి నిర్ణయించేవారు. కవరు కూడా ఒక కాగితమే కనుక దానికీ రుసుము పడేది. అందువలన ఉత్తరాన్నే మడిచి, లక్కతో అంటించి, దానిపైనే చిరునామా వ్రాసేవారు. రోలండ్ హిల్ కృషి ఫలితంగా 1840లో బరువును బట్టి లెక్కించే పెన్నీ తపాలా వచ్చాక కవరు వాడకం పెరిగింది. 1843లో హెన్రీ కోల్ లండన్‌లో క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించాడు. మన దేశంలో 1854లో దూరంతో నిమిత్తం లేకుండా, ఉత్తరం బరువును బట్టి రుసుము తీసుకొనే పద్ధతి అమలయింది. నాటి నుండి నేటి వరకు కవరు ఎంపికలో కొలతతో పాటు తూకమూ ముఖ్యమే.

కొలతల సంగతి కష్టమైనదేమీ కాదు. నిత్యం వాడే ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297 మిల్లీమీటర్లు. అందులో సగం ఎ5, ఆ సగంలో సగం ఎ6. ఎన్నిసార్లు సగం చేసినా పొడవు వెడల్పుల నిష్పత్తి మారదు. ఈ నిష్పత్తిలోని సౌలభ్యాన్ని జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ 1786లోనే ఒక ఉత్తరంలో వివరించాడు. ఈ కాగితాలకు తోడుగా ‘సి’ వరుస కవర్లు ఏర్పడ్డాయి. 105, 148 మిల్లీమీటర్ల ఎ6 కార్డుకు 114, 162 మిల్లీమీటర్ల సి6 కవరు సరిపోతుంది. ఎ5 కార్డుకు 162, 229 మిల్లీమీటర్ల సి5 కవరు కావాలి. కార్డు చుట్టూ మిగిలే ఆ కొద్దిపాటి ఖాళీ వృథా కాదు. అది లేకపోతే కార్డు అంచులు నలిగిపోతాయి.

వసతిగృహంలో ఉండి చదువుకొనే ఒక విద్యార్థిని పరీక్షల వలన ఉగాదికి ఊరు వెళ్లలేకపోయింది. దళసరి ఎ4 కాగితాన్ని సగానికి మడిచి, దానిపై చుక్కల ముగ్గు వేసి, ప్రతి చుక్క మీదా ఒక తెల్లని పూస అంటించింది. అంగడిలో దొరికిన కవరు సరిగ్గా కార్డంతే ఉంది. అంచులు కత్తిరించి, ఎలాగో అందులో దూర్చి అమ్మమ్మకు పంపింది. ముద్రల దెబ్బలకూ, సంచులలోని ఒత్తిడికీ కవరు మూల చిరిగింది. బిళ్లలు చాలనందున అమ్మమ్మ పైకం చెల్లించి దానిని అందుకొన్నది. “ముగ్గు అందింది తల్లీ! చుక్కలే దారిలో రాలిపోయాయి” అని ఆమె ఫోనులో నవ్వుతూ చెప్పింది. మనుమరాలికి మాత్రం నవ్వు రాలేదు.

లోపం ఎక్కడున్నదో లెక్క వేస్తే తెలుస్తుంది. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే ఎ4 కాగితం ఒక్కటే దాదాపు 19 గ్రాములు ఉంటుంది. కవరు, పూసలు కలిస్తే తపాలా రుసుములోని మొదటి మెట్టు అయిన 20 గ్రాములు దాటుతుంది. అదే కాగితంలో సగంతో ఎ6 కార్డు చేస్తే, కవరుతో కలిపి 14 గ్రాములకు మించదు. పైగా పూస ఎత్తు కవరు లోపలి వెడల్పును తగ్గిస్తుంది. ఉబ్బెత్తు అలంకరణ ఉన్న కార్డుకు ఒక మెట్టు పెద్ద కవరు, లోపల గట్టి అట్ట అవసరం.

చదరపు కార్డులు కంటికి ఇంపుగా ఉంటాయి. కాని అమెరికా తపాలాలో చదరపు కవరుకు అదనపు రుసుము చెల్లించాలి. పొడవేదో వెడల్పేదో యంత్రం పోల్చుకోలేకపోవడమే దానికి కారణం. అక్కడి తెలుగు పిల్లలు తాతయ్యలకు కార్డులు పంపేటప్పుడు ఈ విషయం తెలిసి ఉండటం మంచిది. మరీ చిన్న కవరుతో మరొక చిక్కు ఉంది. దానిపై చిరునామాకూ, ఆరంకెల పిన్‌కోడుకూ చోటు చాలదు. 1972లో అమలులోకి వచ్చిన ఆ పిన్‌కోడును రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేళంకర్ సంస్కృత కవి కూడా. అక్షరాన్ని ప్రేమించే మనిషి అంకెను నిర్లక్ష్యం చేయనక్కరలేదని ఆయన కృషి చెబుతుంది.

ఆ విద్యార్థిని దీపావళికి మొదట సి6 కవరు కొన్నది. దానిని ఎదుట పెట్టుకొని కార్డు కత్తిరించింది. పూసలకు బదులు తెల్లని రంగుతో చుక్కలు పెట్టింది. తపాలా కార్యాలయంలో తూకం వేయించి బిళ్ల అంటించింది. ఈసారి అమ్మమ్మ చుక్కలన్నీ లెక్కపెట్టి మరీ చెప్పింది.

అభిమానానికి కొలత లేదంటారు. దానిని మోసుకుపోయే కవరుకు మాత్రం కొలత ఉంది. అందుకొనేవారికి శ్రమ కలగకుండా చూడటం కూడా ఇచ్చేవారి అభిమానంలో భాగమే.